తోట సందేహాలు: పాదులో ఏం పరచాలి?

ప్రశ్న: మా ఇంటి వెనక అచ్చంగా మన నేల మొక్కలే పెంచాలని తంగేడు, వావిలి, అడ్డసరం, ఒక రేల మొక్క నాటాం. ఎర్ర నేల. కలుపు రాకుండా కోత మిల్లు నుంచి రంపపు పొట్టు తెచ్చి జానెడు మందం పరిచాం, కొంత మట్టిలోనూ కలిపాం. వానలు మొదలైన నెలకే తంగేడు ఆకులు పసుపుబారి రాలుతున్నాయి. అడ్డసరం పాలిపోయింది. పొట్టు పనికిరాదా?
– ఒక పాఠకురాలు, వికారాబాద్

జవాబు: తప్పు పొట్టుది కొంతే. మందంగా వేయడం, మట్టిలో కలపడం అసలు తప్పులు. మీ రెండు మొక్కల జబ్బూ ఒకటి కాదు.

ముందు అడ్డసరం సంగతి. పచ్చి రంపపు పొట్టులో ఒక వంతు నత్రజనికి 400 వంతులకు పైగా కర్బనం ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు తగినంత నత్రజని పొట్టులో దొరకదు. అందుకని మట్టిలోది లాక్కుంటాయి. పొట్టు పైపైన ఉంటే ఈ లాగుడు నేల పైపొరతో ఆగిపోతుంది, వేళ్ల దాకా రాదు. మీరు కలిపేశారు కాబట్టి వేళ్ల దగ్గరే పోటీ పెట్టినట్టయింది. కింది ఆకులు ముందు పాలిపోయి ఉంటే కారణం ఇదే. పైన ఉన్న పొట్టు గీకి తీసేయండి. కలిసిపోయినదాన్ని తవ్వబోకండి, వేళ్లు తెగుతాయి. కిలో వేరుశనగ చెక్కను 10 లీటర్ల నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, ఆ నీటికి పది రెట్లు మామూలు నీళ్లు కలిపి మొక్కకు రెండు లీటర్ల చొప్పున 15 రోజులకోసారి పోయండి. మూడు నాలుగు సార్లు చాలు. తీసిన పొట్టును పశువుల పేడతో కలిపి ఏడాది మాగబెడితే అప్పుడు మంచి ఎరువే. ప్లైవుడ్ కోసిన పొట్టు మాత్రం దేనికీ వద్దు, అందులో జిగురు మందులుంటాయి.

తంగేడుకు మటుకు చెక్క నీళ్లు పోయకండి. దాని బాధ తడి. కాండం దగ్గర పొట్టు పక్కకు జరిపి, నేలకు ఆనిన చోట బెరడును గోటితో కొద్దిగా గీకండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. గోధుమ రంగులో మెత్తగా ఊడివచ్చి, పులిసిన వాసన వేస్తే మొదలు కుళ్లు పట్టినట్టే. చుట్టూ కుళ్లకపోతే ఇంకా ఆశ ఉంది. మొదలు చుట్టూ జానెడు మేర మట్టి కనిపించేలా శుభ్రం చేసి, ఎండ, గాలి తగలనివ్వండి.

తంగేడు గుట్టల మీద, రోడ్డు గట్ల మీద, రాళ్ల సందుల్లో పెరిగే మొక్క. దాని కాళ్ల కింద ఎప్పుడూ మెత్తని తడి పరుపు ఉండదు. కాబట్టి జల్లించిన గులక గానీ 20 ఎం.ఎం. కంకర గానీ రెండు వేళ్ల మందం చాలు. అసలేమీ వేయకపోయినా దానికి దిగులు లేదు. నీడలో పెరిగే అడ్డసరానికి, అడవి చెట్టయిన రేలకు, వాగుల ఒడ్డున పెరిగే వావిలికి ఎండాకులే సరైనవి. మల్చింగ్ అనండి, ఆచ్ఛాదన అనండి, తోటంతా ఒకే సరుకు పరచడం మన అలవాటు. మొక్క పుట్టిన చోట దాని కింద ఏముంటుందో చూసి పరచాలి.

వేప, కానుగ, రావి, చింత ఆకులు కలగలిపి వాడండి. టేకు ఆకులు పెద్దవి. ఒకదానిమీదొకటి అతుక్కుని రేకులా నీటిని జార్చేస్తాయి, చింపి వేయాలి. వీధి ఊడ్చిన ఆకుల సంచుల్లో పూసిన వయ్యారిభామ ఉందేమో చూసుకోండి, ఉంటే ఆ విత్తనాలను డబ్బిచ్చి తెచ్చుకున్నట్టే.

మందం 8 సెంటీమీటర్లు. వానాకాలం అయ్యేసరికి అది సగానికి దిగుతుంది, దీపావళికి మళ్లీ పైన వేయండి. 10 చదరపు మీటర్లకు 800 లీటర్ల ఆకు కావాలి. 50 కిలోల బియ్యం సంచిలో 60 లీటర్ల ఆకు పడుతుంది కాబట్టి 13, 14 సంచులు. నేల బెత్తెడు లోతు తడిశాకే పరచండి. పొడి నేల మీద పరిస్తే చిన్న జల్లులన్నీ ఆకులే తాగేస్తాయి. తుంగ, గరిక ఉంటే ముందే గడ్డలతో, వేళ్లతో సహా తీయాలి. తుంగ మొలక సూదిలాంటిది, ఏ ఆచ్ఛాదననైనా పొడుచుకుని వస్తుంది.

ఒక మూల, ఎండ పడే చోట, గజం మేర నేలను ఖాళీగా వదిలేయండి. మన నీలిచారల తేనెటీగల్లాంటివి మట్టిలోనే గూడు తొలుచుకుంటాయి. తంగేడు రాల్చిన గింజలు మొలవడానికీ ఆ ఖాళీ కావాలి.

ప్రశ్న: మా దగ్గర కొబ్బరి డొక్కలకు కరువు లేదు. పూల మొక్కల చుట్టూ పరచవచ్చా? – అమలాపురం పాఠకుడు

జవాబు: పరచండి, బోర్లించి. వెల్లకిలా పడితే వాన నీళ్లు నిలిచి దోమల తొట్లవుతాయి. పీచు తీయగా మిగిలిన కొబ్బరి పొట్టు వాడితే మూడుసార్లు మంచినీళ్లతో కడిగి పిండండి. ఉప్పు నీటిలో నానిన డొక్కల పొట్టయితే ఆకుల అంచులు మాడుతాయి. మీ ప్రాంతంలో ఇంకో జాగ్రత్త: ఆకూ అలమూ కుప్పగా పోసి కుళ్లనిస్తే కొబ్బరిని తినే కొమ్ము పురుగు అందులో గుడ్లు పెడుతుంది. పలుచగా పరచి, నెలకోసారి తిరగేసి, తెల్లని లావుపాటి పురుగులు కనిపిస్తే ఏరి చంపండి.

ప్రశ్న: వేరుశనగ పొట్టు వేస్తే చెదలు పడుతున్నాయి. – అనంతపురం

జవాబు: చెదలు ఎండిన సరుకు కోసం వస్తాయి, వేరూనుకున్న ఆరోగ్యమైన మొక్క కోసం అరుదు. అయినా కాండానికి పొట్టు ఆనకుండా జానెడు దూరం వదలండి. మందం మూడు వేళ్లు దాటనీయకండి, మట్టి గొట్టాలు కనిపిస్తే చెరిపేయండి. మొదలు కుళ్లు వచ్చిన చేలోని పొట్టయితే అసలు తేవద్దు. ఆవగింజల్లాంటి ఆ శిలీంధ్రపు గింజలు పొట్టుతోపాటే తోటకు చేరతాయి.

ప్రశ్న: ఆకులు పరిస్తే పాములొస్తాయని అత్తయ్య ఒప్పుకోవడం లేదు. – ఖమ్మం

జవాబు: నాలుగు వేళ్ల మందం ఆకుల్లో పాము కాపురం పెట్టడం అరుదు, నక్కి ఉండటం మాత్రం జరగొచ్చు. గోడ పక్కన పేర్చిన ఇటుకలు, కట్టెల మోపులు, ఎలుక బొరియలు చూడండి. తేళ్లు, జెర్రుల భయమూ నిజమే. ఆకులు కదిపేటప్పుడు చేత్తో కాక కర్రతో కదపండి, కాళ్లకు బూట్లు వేసుకోండి. గుమ్మానికి, నడిచే దారికి గజం దూరం ఆకులు లేకుండా ఊడ్చి ఉంచితే అత్తయ్య కూడా కాదనరు.