టైటానిక్ పాట చివర్లో ఒక్కసారిగా పైకి ఎందుకు లేస్తుంది?

‘మై హార్ట్ విల్ గో ఆన్’ చివరి భాగం వింటే ఒళ్లు జలదరిస్తుంది, అక్కడ ఏం మారుతుంది అని అడిగారు. మారేది శ్రుతే, అంటే పాటకు ఆధారమైన ‘స’ ఎత్తు.

పాట మూడు శ్రుతిలో మొదలవుతుంది, అంటే హార్మోనియం మీద మూడో తెల్ల మెట్టు ‘స’. చివరికొచ్చేసరికి ఆ ‘స’ ఐదున్నరకు, అంటే ఐదో, ఆరో తెల్ల మెట్ల మధ్య ఉన్న నల్ల మెట్టుకు జరుగుతుంది. నలుపూ తెలుపూ కలిపి లెక్కపెడితే నాలుగు మెట్లు పైకి. మన కచేరీలో తంబూరా శ్రుతి మొదటి నుంచి చివరి దాకా ఒకటే కాబట్టి, ఈ మార్పు మన చెవికి ఇంకా గట్టిగా తగులుతుంది. నేను కర్నూలులో పెళ్లి ఆర్కెస్ట్రాలకు కీబోర్డు వాయిస్తాను. ఎవరైనా ఈ పాట అడిగితే, గాయని చేత ముందు ఆ పై శ్రుతిలోనే పాడించి చూసుకుంటాం. మొదట్లో హాయిగా పాడినవాళ్లకు కూడా అక్కడ గొంతు అందదు.

సెలీన్ డియాన్ మొదట్లో దాదాపు గుసగుసలా పాడతారు. అందుకే ఆ ఎత్తు అంత బాగా తెలుస్తుంది.

ఇంకో సంగతి. దర్శకుడు జేమ్స్ కామెరాన్ సినిమాలో పాట వద్దనుకున్నారు. స్వరకర్త జేమ్స్ హార్నర్ ఆయనకు చెప్పకుండా డెమో రికార్డు చేయించి, తర్వాత వినిపించారు. 1998లో ఆ పాటకే ఆస్కార్ వచ్చింది.