థాయిలాండ్‌లో స్థిరపడితే ఇక్కడి పొలం అమ్ముకోవాలా?

ప్రశ్న: నాకు 51 ఏళ్ళు. ఉద్యోగం మానేసి, ఖర్చు తక్కువని భార్యతో థాయిలాండ్‌లో స్థిరపడదామనుకుంటున్నాను. నేను కొన్న నాలుగెకరాల పొలం, అద్దెకిచ్చిన ఇల్లు, డిపాజిట్లు, పీపీఎఫ్ ఉన్నాయి. అన్నీ అమ్మేయాలా? వెళ్ళాక ఇక్కడ పన్ను ఉండదట, నిజమేనా?

జవాబు: ఏదీ అమ్మక్కర్లేదు. పన్ను ఉండదన్న మాట మాత్రం నిజం కాదు. ఇక్కడి అద్దె, డిపాజిట్ల వడ్డీ మీరెక్కడున్నా ఇక్కడ పన్నుకు లోబడేవే.

మీరు జాగ్రత్త పడాల్సింది వెళ్ళే తేదీ విషయంలో. విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) ప్రకారం, తిరిగి వచ్చే గడువంటూ లేకుండా వెళ్తే బయల్దేరిన నాటి నుంచే మీరు ప్రవాసి. ఆదాయపు పన్నుకు రోజుల లెక్క వేరు. ఉద్యోగం కోసం వెళ్ళేవారికి ఆ ఏడాది 182 రోజుల వెసులుబాటుంది. విశ్రాంతికి వెళ్ళే మీకు లేదు. గత నాలుగేళ్ళలో 365 రోజులు ఇక్కడ ఉన్నవారు ఆ ఆర్థిక సంవత్సరంలో 60 రోజులు ఉన్నా రెసిడెంటే (పన్ను లెక్కకు ఇక్కడి నివాసే). అంటే మే 29 దాటాక వెళ్తే ఆ ఏడాది రిటర్నులో థాయ్ బ్యాంకు ఖాతానూ విదేశీ ఆస్తుల షెడ్యూలులో చూపాలి. చూపకపోతే నల్లధన చట్టం కింద రూ.10 లక్షల జరిమానా పడవచ్చు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. తర్వాతి ఏళ్ళలో చూడవచ్చినప్పుడు 182 రోజులు నిండకుండా చూసుకోండి. ఇక్కడి ఆదాయం రూ.15 లక్షలు దాటితే ఆ హద్దు 120 రోజులే.

పొలం మీరు ఇక్కడ నివసిస్తుండగా కొన్నది కాబట్టి ఉంచుకోవచ్చు. ప్రవాసి అయ్యాక కొత్తగా సాగుభూమి కొనకూడదు. ఉన్నది అమ్మినా భారత్‌లో నివసించే భారతీయుడికే అమ్మాలి. బ్యాంకుకు చెప్పి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ (ప్రవాసుల ఇక్కడి ఆదాయం జమయ్యే రూపాయి ఖాతా)గా మార్పించండి. ఊరుకుంటే ఫెమా ఉల్లంఘనే. పీపీఎఫ్ గడువు తీరేదాకా నడుస్తుంది, పొడిగింపు ఉండదు. అద్దెకున్నవారు ప్రవాసి యజమానికిచ్చే అద్దెలో 30 శాతం, పైన సెస్సు టీడీఎస్‌గా కోయాలి. వాళ్ళకిది తెలియదు, మీరే చెప్పాలి. మీ అసలు పన్ను అంతకంటే తక్కువైతే తక్కువ కోత ధ్రువపత్రానికి ముందే దరఖాస్తు చేయండి.

అక్కడ రిటైర్‌మెంట్ వీసాకు 50 ఏళ్ళు నిండాలి కనుక మీకు అర్హత ఉంది. నివాస పొడిగింపుకు థాయ్ బ్యాంకులో 8 లక్షల బాట్లు, లేదా నెలకు 65 వేల బాట్ల ఆదాయం చూపాలి. ఆ సొమ్ము మీరింకా ఫెమా ప్రకారం రెసిడెంటుగా ఉండగానే, అంటే బయల్దేరేలోగా, ఎల్‌ఆర్‌ఎస్ (ఇక్కడ నివసించేవారు విదేశాలకు డబ్బు పంపే రిజర్వు బ్యాంకు పథకం) కింద పంపితే సులువు. ఏడాదికి మనిషికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. రూ.10 లక్షలు దాటిన భాగంపై బ్యాంకు పట్టుకునే టీసీఎస్ (ముందుగా వసూలుచేసే పన్ను) రిటర్నులో సర్దుబాటవుతుంది. ఈ వీసాపై అక్కడ ఏ పనీ చేయకూడదు, 90 రోజులకోసారి చిరునామా తెలపాలి. రీఎంట్రీ పర్మిట్ (తిరిగి థాయిలాండ్‌లోకి వచ్చేందుకు అనుమతి) తీసుకోకుండా ఇక్కడికొస్తే అక్కడి అనుమతి రద్దవుతుంది, దానితోపాటు ఆధారితురాలిగా మీ భార్యకిచ్చిందీ పోతుంది. ఏడాదిలో 180 రోజులు ఉంటే థాయ్ పన్ను చట్టానికీ మీరు రెసిడెంటే. 2024 జనవరి 1 తర్వాత ఆర్జించి అక్కడికి తెప్పించుకునే విదేశీ ఆదాయం అక్కడ పన్ను పరిధిలోకి వస్తుంది. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉంది కనుక ఇక్కడ కట్టిన పన్ను రసీదులు దాచుకోండి.

పొలం, ఇల్లు చూసుకునేవారికి పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడుండగానే సబ్‌రిజిస్ట్రార్ ఎదుట రాయించండి. అక్కడికి వెళ్ళాక రాస్తే భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి, ఆ పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి.