గొంతుకు గొంతు అతకాలంటే

చిరంజీవి మేనకోడలికి, విజయవాడ నుంచి పెదమావయ్య ఆశీస్సులు.

పుస్తకం చదివి నువ్వు పంపిన ఆడియో ఫైళ్లు రెండూ విన్నాను. బ్రాడీపేట గదిలో చదివిన ఆరు అధ్యాయాలు ఒక మనిషివి, ఇల్లు మారాక చదివిన ఏడోది ఆమె చెల్లెలిది అన్నట్టున్నాయి. మైకు అదే, గొంతూ నీదే. ఏ ఈక్యూ ప్లగిన్, అంటే శబ్దంలో బేస్, ట్రెబుల్ పాళ్లు దిద్దే సాఫ్ట్‌వేర్, కొంటే రెండూ ఒక్కలా వినిపిస్తాయని అడిగావు. డబ్బు తీసే ముందు ఆ తేడా ఎక్కడుందో చూద్దాం.

పాత ఫైల్లో "బుడబుక్కల" అన్నప్పుడు బకారాలు గుండెకు తగులుతున్నాయి. కొత్తదాంట్లో "బాబాయి" అంటే కాగితంలా పల్చగా ఉంది. అంటే అప్పుడు మైకుకు బెత్తెడు దూరంలో కూర్చున్నావు, ఇప్పుడు జానెడున్నర దూరంలో. కార్డియాయిడ్ మైకుకు, అంటే ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే మైకుకు, నోరు దగ్గరయ్యే కొద్దీ బేస్ పెరుగుతుంది. ఇది ఈక్యూతో సర్దుకోగల తేడా. 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య వెడల్పుగా రెండు మూడు డెసిబెల్స్ పెంచితే చాలావరకు దారికొస్తుంది. రెండో తేడా అలా కాదు. కొత్త ఇంట్లో గోడలు బోసిగా ఉన్నాయి, ప్రతి మాట చివరా గది మోత తోకలా సాగుతోంది. ఆ తోకను ఏ ఈక్యూ కోయలేదు. అందులో గది, గొంతు కలిసిపోయి ఉన్నాయి. గుంటూరులో పత్తి పరుపులకు కరువా? రెంటిని గోడకు నిలబెట్టి, మైకు బెత్తెడు దూరంలో పెట్టుకుని ఏడో అధ్యాయం మళ్లీ చదువు. రోహిణి కార్తెలో ఫ్యాను ఆపి కూర్చోవడం ఎంత నరకమో నాకు తెలుసు. తెల్లవారుజామున చదువు.

అప్పటికీ మిగిలే తేడాకే ప్లగిన్.

పాత రికార్డింగును వినిపిస్తే కొత్తదాన్ని దానిలా దిద్దే 'మ్యాచ్' సదుపాయం కొన్నిట్లో ఉంటుంది. ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూలో ఉంది, ఐజోటోప్ ఓజోన్‌లో ఉంది. నీ దగ్గర మ్యాక్, అందులో లాజిక్ ప్రో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే మ్యాచ్ ఈక్యూ దాంతోనే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు. నాకు ప్రో-క్యూ మీద మక్కువ ఎక్కువ. ఎక్కడ ఎంత పెంచాలో, తగ్గించాలో అది గీసిన గీతను మామూలు బ్యాండ్లుగా, అంటే విడివిడిగా సర్దుకోగల ముక్కలుగా, చేతికిస్తుంది, ఎన్ని బ్యాండ్లు కావాలో నువ్వే చెప్పొచ్చు. ఐదారు చాలు. ఏ బ్యాండు ఎందుకొచ్చిందో చూసి, అక్కర్లేనిది పీకేయొచ్చు. గీసిన గీతను ముట్టుకోనివ్వని ప్లగిన్‌ని నమ్మను.

ఎందుకో చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక హరికథ క్యాసెట్టు చివర తెగిపోయింది. దాసుగారు పాపం మళ్లీ వచ్చి ఆ పావుగంట చెప్పారు. కొత్తదాన్ని క్యాసెట్టుకు మ్యాచ్ చేసి, నా చిన్న హెడ్‌ఫోన్లలో విని, భేష్ అనుకుని ఇచ్చేశాను. గుడి మైకుల్లో వేస్తే సరిగ్గా ఆ పావుగంటే తలుపు వెనక మోటారు తిరుగుతున్నట్టు గుంయ్‌మంది. క్యాసెట్టులో 50, 100 హెర్ట్జ్ దగ్గర కరెంటు హమ్ ఉంది. అదీ గొంతులో భాగమే అనుకున్న ప్లగిన్, కొత్తదాంట్లో ఆ రెండు చోట్లా బేస్ ఎత్తి కూర్చోబెట్టింది. పేజీలు తిప్పే చప్పుడుకీ, ఫ్యాను గాలికీ కూడా దానికి ఇదే మర్యాద.

కాబట్టి నమూనాగా అధ్యాయం మొత్తం ఇవ్వకు. ఎడతెగకుండా చదివిన అర నిమిషం ముక్క తీసుకో, మధ్యలో ఖాళీలు కత్తిరించు. రెండువైపులా ఒకే పేరా అయితే మరీ మంచిది. శకార సకారాలు ఎక్కువున్న ముక్క ఒకవైపే పడితే 6 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల దొంగ తేడా చూపిస్తుంది. వచ్చిన గీతలో 80 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన ఏముంటే అది తీసేయి. మిగిలినదాన్ని సగానికి తగ్గించి విను. చాలాసార్లు ఆ సగమే సరిపోతుంది.

లీనియర్ ఫేజ్ అని మీట ఉంటుంది, మాటలకు దాన్ని నొక్కకు. అక్షరం పలకకముందే సన్నటి నీడ వినపడే ప్రమాదముంది. పాతకాలపు యంత్రాల రంగు పూసే ఈక్యూలూ ఈ పనికి వద్దు. వాటి అందం వాటిది, నీకు కావలసింది పోలిక.

ఇవేవీ కొనకపోయినా పని ఆగదు. శబ్దంలో ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత ఉందో గీతగా చూపే వోక్సెంగో స్పాన్ ఉచితం. రెండు ట్రాకుల మీదా పెట్టి, యావరేజ్ సమయం పెంచి, గీతలు పక్కపక్కన చూసుకో. దిద్దడానికి టీడీఆర్ నోవా చాలు, నాలుగు బ్యాండ్లున్న ఉచిత ప్లగిన్. నేనైతే నిన్ను మొదటి నెల దీంతోనే కూర్చోబెడతాను. చేత్తో కలిపిన చెవికే మ్యాచ్ మీట ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది.

ఒకటి మరిచాను. పోల్చే ముందు రెంటి శబ్దమూ సమానం చెయ్యి, కంటితో కాదు, చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే ఎల్‌యూఎఫ్‌ఎస్ మీటరుతో. ఒక డెసిబెల్ ఎక్కువున్నా అదే బాగున్నట్టు అనిపించి, ఈక్యూ గొప్పదనుకుంటావు. పోల్చేటప్పుడు స్క్రీన్ వైపు చూడకు.

కొత్తగా చదివాక అర నిమిషం ముక్కలు రెండూ, ఏ ఈక్యూ వెయ్యకుండా, వేవ్ ఫైళ్లుగా పంపు. వాట్సాప్‌లో అయితే డాక్యుమెంటుగా పెట్టు. ఆడియోగా పెడితే అది నలిపేస్తుంది, నేను నీ గొంతు బదులు దాన్ని దిద్దుతూ కూర్చోవాలి. అమ్మను అడిగానని చెప్పు.

మీ పెదమావయ్య