నీలం డబ్బాలో ఏది వేయాలి: కాలిఫోర్నియాకు కొత్తగా వచ్చినవారికి

కాలిఫోర్నియాలో అపార్ట్‌మెంటు వదిలి విడి ఇంటికి మారిన మనవాళ్ళకు మొదటి వారంలోనే ఎదురయ్యే సందేహం చెత్త డబ్బాలది. సాధారణంగా నీలం డబ్బా రీసైక్లింగుకు, ఆకుపచ్చది ఆకులూ అలములకూ తిండి చెత్తకూ, నలుపు లేదా బూడిదరంగుది మిగిలిన చెత్తకు. హైదరాబాదులోనో విజయవాడలోనో తడి చెత్త, పొడి చెత్త విడదీసి ఇచ్చిన అలవాటు ఉన్నవారికి ఇందులో సగం తెలిసిన విషయమే. చిక్కంతా నీలం డబ్బాతోనే వస్తుంది.

కాగితం, అట్ట, గాజు సీసాలు, లోహపు డబ్బాలు, కొన్ని రకాల ప్లాస్టిక్ అన్నీ చాలా ఊళ్ళలో ఒకే డబ్బాలో వేయవచ్చు; వాటిని విడదీసే పని చాలావరకు యంత్రాలే చేస్తాయి. వరుసగా తిరిగే పళ్ళేల మీదుగా అట్టలు ముందుకు సాగిపోతాయి, అయస్కాంతం ఇనుప డబ్బాలను లాగుతుంది, అల్యూమినియాన్ని మరో యంత్రం పక్కకు నెడుతుంది. ప్లాస్టిక్ సంచి ఒక్కటి అందులో పడితే ఆ పళ్ళేలు తిరిగే ఇరుసులకు చుట్టుకుపోతుంది, అప్పుడు యంత్రాన్ని ఆపి మనిషి లోపలికి దిగి కత్తితో కోసి తీయవలసి వస్తుంది. అందువల్ల శుభ్రంగా కడిగిన సీసాలనైనా సరే, సంచిలో మూటకట్టి వేయకండి, విడివిడిగానే వేయండి. మనం ఇండియన్ స్టోరు నుంచి తెచ్చుకునే బియ్యం సంచి కూడా ఈ కోవలోదే.

ప్లాస్టిక్ వస్తువు అడుగున బాణాల త్రికోణం, దానిలో ఒక అంకె కనిపించగానే నీలం డబ్బాలో వేసేయడం మనలో చాలామంది చేసే పని. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ పెట్టుకున్న ఆ 1 నుంచి 7 వరకు అంకెలు అది ఏ రకం ప్లాస్టిక్కో చెబుతాయే తప్ప, మీ ఊరివాళ్ళు దాన్ని తీసుకుంటారని హామీ ఇవ్వవు. 1, 2 అంకెల సీసాలను దాదాపు అంతటా తీసుకుంటారు. పెరుగు డబ్బాలకు తరచు ఉండే 5 సంగతి ఊరిని బట్టి మారుతుంది. థర్మకోల్‌ను చాలాచోట్ల తీసుకోరు. మీ నగరపు జాబితాను ఒకసారి చదివి ఫ్రిజ్ మీద అంటించుకోవడం మంచిది. జాబితా చూశాక కూడా అనుమానం తీరని వస్తువును చెత్తలోనే వేయాలని నా అభిప్రాయం. 2018లో చైనా రీసైక్లింగు సరుకు దిగుమతి నిబంధనలను బిగించి, కల్తీ అర శాతానికి మించిన సరుకును తిరస్కరించడం మొదలుపెట్టినప్పటి నుంచి, మురికి కలిసిన మంచి కాగితానికి కూడా కొనేవారు దొరకడం కష్టమైంది.

ఆవకాయ సీసాను నూనె జిడ్డు తుడిచి, ఒకసారి నీళ్ళతో తొలిచి వేస్తే చాలు, తళతళలాడేలా తోమనక్కరలేదు. విరిగిన కోరెల్ పళ్ళెం, తాగే గాజు గ్లాసు మాత్రం సీసాల గాజుతో కలిసి కరగవు కనుక చెత్తలోకే. పిజ్జా పెట్టెలో జిడ్డు అంటని మూతను చించి నీలం డబ్బాలోనూ, జిడ్డు భాగాన్ని చాలా ఊళ్ళలో ఆకుపచ్చ డబ్బాలోనూ వేయవచ్చు. మిగిలిపోయిన అన్నం, కూరగాయల తొక్కలు, కరివేపాకు రెబ్బలు విడిగా పోవాలన్న రాష్ట్ర చట్టం 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది; కొన్ని నగరాల్లో వాటికి వేరే ఏర్పాటు ఉంటుంది.

మంచినీళ్ళ సీసాలు, కూల్‌డ్రింక్ డబ్బాలు కొన్నప్పుడు బిల్లులో సీఆర్‌వీ (కాలిఫోర్నియా రిడెంప్షన్ వాల్యూ) అనే రుసుము కనిపిస్తుంది: 24 ఔన్సులకు తక్కువైతే 5 సెంట్లు, ఆపైన 10 సెంట్లు. పాల సీసాలకు ఇది వర్తించదు. ఖాళీ సీసాలనూ డబ్బాలనూ వాటిని తిరిగి కొనే రీసైక్లింగు కేంద్రానికి తీసుకువెళితే ఆ డబ్బు తిరిగి వస్తుంది. నీలం డబ్బాలో వేస్తే మీకు రాదు.

బ్యాటరీల విషయంలో మాత్రం ఏ మినహాయింపూ లేదు. పాత ఫోనులోని లిథియం బ్యాటరీ లారీలో నలిగితే నిప్పు అంటుకోవచ్చు. వాటిని ఏ చెత్త డబ్బాలో వేసినా ఈ రాష్ట్రంలో చట్టవిరుద్ధమే కనుక, కొనలకు టేపు అంటించి, కౌంటీ నడిపే ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో అప్పగించండి.