ట్రిగ్గర్ బిగిస్తే రేసు మారతాదా?

ప్రశ్న: అన్నా, గ్రాన్ టురిస్మో అనే కార్ల రేసు గేమ్ పీఎస్2 (ప్లేస్టేషన్ 2) నాటి నుంచి ఆడతా ఉండా. పీఎస్5 కంట్రోలర్‌లో ట్రిగ్గర్లు (చూపుడు వేళ్ళతో నొక్కే వెనక బటన్లు) వేలికి ఎదురు తంతాయంట, దాంతో ఆట నిజంగా మారతాదా, ఉత్త షోకా?
- ఓ చదువరి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: కొంచెం మారతాది తమ్ముడూ. 2001లో మూడో భాగానికే బటన్ ఎంత నొక్కితే అంత స్పీడ్ అనేది ఉండె, మనోళ్ళు మాత్రం బొటనవేలు నొప్పెట్టేదాకా ఫుల్‌గా నొక్కేదే! 2022లో వచ్చిన ఏడో భాగంలో బ్రేక్ ట్రిగ్గర్ బిగుసుగా ఉంటాది, బ్రేకేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తే వేలికి తెలిసిపోతాది, తిరుమల ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ మీద కాలుంటాదే, అట్లా. అయితే అదే గేమ్ పీఎస్4కీ ఇచ్చినారు కదా, దాని కంట్రోలర్‌లో ఇట్లా బిగిసే ట్రిగ్గర్ లేదు, మరి అది లేకుంటే గెలవలేని రేసు ఎట్ల పెడతారు? తర్వాతి భాగం పీఎస్5కే చేస్తే తడి రోడ్డు, అరిగిన టైరు వేలితోనే కనిపెట్టాల్సిన రేసులు పెట్టొచ్చు, నాకైతే అదే కావాల. వేలు నొప్పంటే సెట్టింగ్స్‌లో ఆ ట్రిగ్గర్ బిగువు ఆపేసుకో.