తిరుమలలో ఏకాంత సేవ అంటే ఏమిటి? దేవుడికి నిద్రేమిటి?

రోజులో చివరి సేవ ఇది. మూలవిరాట్టు కదలడు కాబట్టి, ఆయన తరఫున భోగ శ్రీనివాసుడనే చిన్న వెండి మూర్తిని గొలుసులతో వేలాడదీసిన మంచం మీద పడుకోబెడతారు. పాలు, పళ్ళు నివేదిస్తారు. తాళ్ళపాక అన్నమయ్య వంశీకులు లాలి పాడతారు. పళ్ళెంలో ముత్యాలు పేర్చి ఇచ్చే హారతి భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరు మీదుగా వస్తోంది. "తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి" అనే మాట దీన్నుంచే పుట్టింది. ధనుర్మాసంలో మాత్రం ఆ మంచం మీద పడుకునేది కృష్ణుడు.

ఇక నిద్ర సంగతి. దేవుడు అలసిపోయాడని ఎవరూ అనుకోరు. పూజలో ఆయన్ని ఇంట్లో మనిషిలా చూసుకుంటాం: లేపడం, స్నానం, భోజనం, చివరికి జోకొట్టడం. దీన్ని ఉపచారం అంటారు. సుప్రభాతంతో లేపినప్పుడు రాని అనుమానం నిద్రపుచ్చేటప్పుడు ఎందుకొస్తుందో నాకు అర్థం కాదు! పొద్దున అడిగే కోరికల చిట్టా రాత్రి ఉండదు. లాలి పాడేవాడు అమ్మ స్థానంలో ఉంటాడు, దేవుడు పసివాడవుతాడు. ఇంట్లో పడుకునే ముందు దీపానికి దణ్ణం పెట్టుకోవడం కూడా ఇలాంటిదే.