మళ్ళీ బిగించడం ఎక్కడ రాశావమ్మా?

తిరుపతి

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. మీ తాతగారి అంబాసిడర్ ముందు బంపరు విప్పి, క్రోమ్ ప్లేటింగ్ చేయించి, మళ్ళీ బిగించిన సంగతి మీద నువ్వు చిత్తూరు నుంచి పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు నా కోసం చదువుకున్నాను. మూడోసారి ఇంకొకరి కోసం చదివాను. రేణిగుంట రోడ్డులో నా బండి బాగుచేసే షెడ్డు ఒకటుంది. అక్కడ పని నేర్చుకుంటున్న కుర్రవాణ్ణి నా అంబాసిడర్ ముందు గోనెపట్టా పరిచి కూర్చోబెట్టాను. నేను స్టూలు వేసుకుని నీ వ్యాసం ఒక్కో వాక్యం పైకి చదువుతుంటే వాడు చేస్తూ పోవాలి. "నేను చదివిందే చెయ్యి, నీకు తెలిసింది చెయ్యొద్దు" అని ముందే చెప్పాను. చేతిపని గురించి ఏం రాసినా నేను ఇలాగే చూసుకుంటాను. నువ్వూ అలవాటు చేసుకో.

వాడు మొదట ఆగింది స్పానరు దగ్గర. "నట్టుకు సరిపోయే స్పానరుతో విప్పాలి" అని రాశావు. వాడు 13 నంబరు, అంటే 13 మిల్లీమీటర్లది, తీశాడు. నట్టు మీద కూర్చుంది. బలం పెట్టగానే కొంచెం జారింది. నేను ఆపేశాను. అంబాసిడర్ ఒళ్ళు ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది కదా, అందుకే పాత బండ్లలో బోల్టులు అంగుళాల లెక్కలో ఉంటాయి. ఈ నట్టు హాఫ్ ఇంచ్‌ది, అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు స్పానరు దానికంటే 0.3 మిల్లీమీటర్లు పెద్దది. కొత్త నట్టు ఆ తేడాను ఓర్చుకుంటుంది. తుప్పు తిన్న నట్టుకు ఆ సందు చాలు, మూలలు అరిగి గుండ్రంగా అయిపోతుంది. ఆ తర్వాత ఏ స్పానరూ పట్టదు. ఈ సంగతి నీకు తెలియదని కాదు. మీ ఇంట్లో పెట్టె నిండా అంగుళాల స్పానర్లే ఉన్నాయి కాబట్టి నీకు ఆ ఇబ్బంది రాలేదు, రాయాలనీ తోచలేదు. చదివేవాడి ఇంట్లో ఉండే పెట్టె వేరు. రాసేటప్పుడు వాడి పెట్టె తెరిచి చూడాలి.

"జాగ్రత్తగా" అనే మాట నీ వ్యాసంలో పదకొండు చోట్ల ఉంది. లెక్కపెట్టాను. జాగ్రత్తగా విప్పాలి, జాగ్రత్తగా దించాలి, జాగ్రత్తగా తుడవాలి. ఆ మాట వినగానే కుర్రవాడు ప్రతిసారీ నా ముఖం చూశాడు. జాగ్రత్త అంటే చేతులు ఏం చేయాలో చెప్పు. నట్టులోంచి బయటికి పొడుచుకొచ్చిన బోల్టు మరలను ముందు వైరు బ్రష్షుతో రుద్దాలి. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయాలి. పొద్దున స్పానరు వేసి మొదట ఒక్క వెంట్రుకవాసి బిగింపు వైపు తిప్పాలి, అప్పుడు పట్టు విడుతుంది. తర్వాత విప్పు వైపు. బంపరు కొనల దగ్గర మడ్‌గార్డు అంచులకు మాస్కింగ్ టేపు రెండు పొరలు అంటించాలి. ఇవి రాస్తే "జాగ్రత్తగా" అనే మాటతో పనే ఉండదు.

గుండ్రటి తల బోల్టు గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు, నాకు అది బాధనిపించింది. బయటికి నున్నగా మెరుస్తూ కనిపించే ఆ తలకు స్పానరు పెట్టే చోటే ఉండదు. దాని మెడ నలుచదరంగా ఉండి, బంపరుకున్న నలుచదరపు రంధ్రంలో కూర్చుని తిరక్కుండా ఆపుతుంది. ఏళ్ళ తరబడి తుప్పు తింటే ఆ మెడ గుండ్రమైపోతుంది. అప్పుడు వెనక నట్టు తిప్పితే బోల్టు కూడా దానితోపాటే తిరుగుతుంది. తొలిసారి విప్పే మనిషి గుండె జారేది అక్కడే. టెన్షన్‌లో గ్రైండరు తీస్తాడు, రవ్వలు క్రోమ్ మీద పడి మచ్చలు పడతాయి. వెనక బంపరైతే పెట్రోలు ట్యాంకు కూడా అక్కడే ఉంటుంది. నట్టును హాక్సా బ్లేడుతో నిదానంగా కోసుకోమని నువ్వు చెప్పాలి. మీ బండికి నాలుగు బోల్టులూ సులువుగా వచ్చాయని నాకు ఫోన్లో చెప్పావు. నీ అదృష్టం మీద వ్యాసం నిలబడదమ్మా.

ఇక ఫాగ్ లైట్లు. నీ వాక్యాలు ఇలా ఉన్నాయి: "తర్వాత బంపరును ముందుకు లాగాలి. లాగే ముందు ఫాగ్ లైట్ల వైర్లు ఊడదీసుకోవాలి." నేను మొదటి వాక్యం చదివి ఊపిరి తీసుకునే లోపు వాడు లాగేశాడు. వైరు తెగలేదు కానీ కనెక్షన్ ఊడి వచ్చింది. హెచ్చరిక ఎప్పుడూ పనికి ముందు వాక్యంలో ఉండాలి. చదివేవాడి చేతులు వాక్యం వెంటే కదులుతాయి, పేరా చివరిదాకా ఆగవు.

ఈ మాట నేను కష్టపడి నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ కిందట, కదలని నట్టును గ్యాసు మంటతో వేడి చేయమని ఒక పత్రికలో రాశాను. మంట క్రోమ్‌కు తగలకుండా తడి గోనెపట్టా అడ్డం పెట్టాలన్న మాట కింద ఇంకో పేరాలో ఉంది. ఒకాయన పుత్తూరు నుంచి బంపరు బస్సులో వేసుకుని మా ఇంటికే వచ్చాడు. కొన దగ్గర జానెడు మేర పసుపూ నీలమూ కలిసిన మరక. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పత్రిక తీసి ఆ పేరా మీద వేలు పెట్టి చూపించాడు. అంతే. ఆ వేలు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. విప్పడానికి నాలుగు పేజీలు రాశావు. బిగించడానికి ఒక్క వాక్యం: "విప్పిన వరుసకు తిరగవరుసలో బిగించుకోవాలి." కంపెనీ పుస్తకాల్లో కూడా ఇలాంటి మాట చాలాసార్లు చూశాను. అది నిజం కాదు. విప్పేటప్పుడు బంపరు ఎక్కడ ఉండాలో దానికి తెలుసు, ఎందుకంటే అది అక్కడే ఉంది. బిగించేటప్పుడు ఆ చోటు మనం వెతకాలి. ఆ వెతుకులాటే నీ వ్యాసం.

ప్లేటింగ్ నుంచి వచ్చిన బంపరు పోయినప్పటి బంపరు కాదు. నికెల్ పొర, దాని మీద పలచగా క్రోమ్ పడి బోల్టు రంధ్రాలు బిగువెక్కుతాయి. బోల్టును సుత్తితో దిగ్గొడితే రంధ్రం చుట్టూ పొర పెచ్చులూడుతుంది. సన్న ఆకురాయితో లోపలి నుంచి రుద్దుకోవాలి. వెనకవైపు ప్లేటింగ్ సరిగా పట్టదు, తుప్పు మొదలయ్యేది అక్కడే. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఆ బురదంతా వెనకే చేరుతుంది. కాబట్టి బిగించకముందే వెనక ప్రైమరు, పెయింటు వేయాలి. ఇది నువ్వు చేశావట కూడా. మరి ఎందుకు రాయలేదు?

బంపరును బండికి పట్టి ఉంచే బ్రాకెట్టుకూ బంపరుకూ మధ్య సందు సరిచేసే ప్యాకింగ్ వాషర్లు ఉంటాయి. నా బండికి ఎడమ పక్క రెండు, కుడి పక్క మూడు ఉన్నాయి. అన్నీ ఒకే డబ్బాలో వేస్తే బంపరు వంకరగా కూర్చుంటుంది, ఎందుకో ఎవరికీ తెలియదు. మరలకు గ్రీజు రాసి, అన్ని నట్లూ వేళ్ళతో పట్టేంత వరకే ఎక్కించాలి. కింద ఇద్దరు మనుషులో, దుప్పటి పరిచిన రెండు పాత టైర్లో బరువు మోస్తుండాలి. అప్పుడు పది అడుగులు వెనక్కి వచ్చి చూడాలి. టేపు పెట్టి కొలిచేది నేల నుంచి కాదు, షెడ్డు నేల ఎప్పుడూ సమంగా ఉండదు. మడ్‌గార్డు అంచు నుంచి బంపరు దాకా రెండు పక్కలా కొలవాలి. సరిపోయాక ఎడమ కాస్త, కుడి కాస్త, మార్చి మార్చి బిగించాలి. ఒక పక్క పూర్తిగా బిగిస్తే రెండో పక్క లేచిపోతుంది. ఒకసారి కొండకు వెళ్ళొచ్చాక నట్లన్నీ మళ్ళీ పట్టి చూసుకోవాలి.

మీ తాతగారి జ్ఞాపకాలతో మొదలుపెట్టిన పేజీన్నర గురించి. అందులో ఒకటి నాకు చాలా నచ్చింది: పాకాల దారిలో చీకట్లో కల్వర్టు రాయికి ఎడమ పక్క తగిలించి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సొట్ట కనపడకుండా బండిని గోడవైపు నిలిపేవారన్న మాట. కానీ నువ్వు దాన్ని మొదటి పేజీలో వదిలేసి వెళ్ళిపోయావు. నాలుగో పేజీలో "ఎందుకో ఎడమ పక్క అర అంగుళం పైకి వచ్చింది, ఎలాగో సర్దాం" అని రాశావు. అమ్మా, ఆ రాయి వంచింది బంపరునొక్కదాన్నే కాదేమో. బ్రాకెట్టు తీసి కుడి పక్క బ్రాకెట్టు మీద పెట్టి చూడు. వంగి ఉంటే తాతగారి కథను అక్కడికి తీసుకురా. మిగతా జ్ఞాపకాలు ఇంకో వ్యాసానికి దాచుకో.

2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. నీ వ్యాసం ముందు పెట్టుకుని పనిచేసేవాడు బంపరు పాడుచేసుకుంటే కొత్తది కొనుక్కోవడానికి షోరూము లేదు. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

నా బంపరు షెడ్డులో పాత దుప్పటి మీద ఉంది. ఎడమ వాషర్లు ఒక గ్లాసులో, కుడివి ఇంకో గ్లాసులో పెట్టించాను. కుర్రవాడు పది నిమిషాల్లో బిగించేస్తానంటున్నాడు, నేనే వద్దన్నాను. నీ రెండో ప్రతి వచ్చాక, అది చదువుతూనే బిగిస్తాం. వచ్చే ఆదివారంలోగా పంపు. అప్పటిదాకా బండి బయటికి తీయను.

ఆశీస్సులతో.